నడిమి గొంతు

"ఆ పిల్లని దించి నా మొహంలోకి చూసి చెప్పు. పాడావా, లేదా?"

ఎలినెడ్ చేతిలో రొట్టె కోసే కత్తి ఉంది. బెదిరించడానికి పట్టుకున్నది కాదు, రొట్టె కోస్తూ మధ్యలో ఆగిపోయిందంతే. అయినా టెగ్వెన్ చూపు ఆ కత్తి మీదే నిలిచింది.

మాబ్లీకి పళ్ళొస్తున్నాయి. నిన్నటినుంచి ఒళ్ళు వెచ్చబడి ఉంది. శాలువాతో తన ఒంటికి చుట్టి కట్టుకున్న బిడ్డను దించడానికి టెగ్వెన్‌కి మనసొప్పలేదు. దించితే చేతులు ఖాళీ అయిపోతాయి. ఖాళీ చేతులతో అత్తగారి ఎదుట ఎలా నిలబడాలో పెళ్ళై ఇన్నేళ్ళయినా ఆమెకు పట్టుబడలేదు.

"ఏ పాట అత్తయ్యా?"

"ఏ పాటా!" ఎలినెడ్ నవ్వింది. పొయ్యి దగ్గర కూర్చున్న భర్త వైపు తిరిగింది. "విన్నావా కారాడోగ్? నిన్న పెంట్రె చర్చిలో చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూస్తుండగా హావోడ్ వాళ్ళు లేచి వెళ్ళి మన ఇంటి పాట పాడేసి వచ్చి కూర్చున్నారు. నీ కోడలు ఏ పాటని అడుగుతోంది."

కారాడోగ్ తలెత్తలేదు. బూటు తాడు ముడి విప్పుతున్నాడు. ఆ ముడి ఎంతకీ విడివడటం లేదు.

"నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో," అంది ఎలినెడ్, "ఇదే వంటింట్లో మా మామగారు కొడుకులతో క్రిస్మస్ రోజుల్లో చర్చిలో పాడే మన ప్లగైన్ పాట సాధన చేస్తుంటే, నేను టీ తెస్తే పాట ఆపేసేవాడు. నేను బయటికి వెళ్ళి తలుపు వేశాక మళ్ళీ ఎత్తుకునేవాడు. నా కడుపున పెద్దాడు గెథిన్ పుట్టాక గానీ నన్ను గదిలో కూర్చోనివ్వలేదు. అలా దాచుకున్న పాట అది. దాన్ని నిన్న ఇడ్వాల్ నోట్లో విన్నాను. ఒక్క మాట పొల్లుపోలేదు, ఒక్క మలుపు తప్పలేదు."

ఇడ్వాల్ టెగ్వెన్ తండ్రి. హావోడ్ ఆమె పుట్టిల్లు, బ్రిన్‌డెరు ఈ ఇల్లు.

"అమ్మా," గుమ్మంలో నిలబడ్డ ఇథెల్ గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏడు మనం పాడొద్దని నువ్వే కదా అన్నావు."

"మనల్ని పాడొద్దన్నాను. వాళ్ళని పాడమన్నానా?"

"అది కాదమ్మా..."

"నీ అన్న గొంతు లేకుండా ఆ పాట ఈ ఇంట్లో లేవకూడదన్నాను. వాడు పోయి ఏడాది కూడా తిరగలేదు. వాడిని చంపినవాళ్ళే ఆ పాట పాడుతుంటే, నేను బల్ల మీద కూర్చుని వినాలి. అంతేనా?"

"ఎవరూ చంపలేదమ్మా. ట్రాక్టర్ తిరగబడింది."

"ఎవరి ట్రాక్టర్? ఎవరి గడ్డి? ఏటవాలు చేలో తన కొడుకుని ఎక్కించకుండా నా కొడుకుని ఎక్కించింది ఎవరు?"

గడ్డి కోతల రోజుల్లో ఒకరి చేలోకి ఒకరు సాయం వెళ్ళడం ఈ లోయలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ సంగతి ఎలినెడ్‌కి చెప్పగలిగిన మనిషి ఊళ్ళో ఎవరూ లేరు.

"నిన్నే అడుగుతున్నా," అంది ఎలినెడ్ మళ్ళీ కోడలితో. "ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య తిరిగేది నువ్వొక్కదానివే. పాడావా?"

పాడలేదని చెప్పేస్తే పోయేది. టెగ్వెన్ నాలిక చివరిదాకా వచ్చింది ఆ మాట. కానీ ఆమెకు అబద్ధం ఆడితే బిడ్డకేదో అవుతుందన్న భయం. పొద్దున్న లేచిందగ్గర్నుంచీ ఏది చేసినా, ఏది చెయ్యకపోయినా బిడ్డకేదో అవుతుందనే ఆమె భయం.

"పాడాను," అంది. "అమ్మ కాలు విరిగినప్పుడు వెళ్ళి ఉన్నాను కదా. మాబ్లీ ఒకటే ఏడుపు. ఊపినా, తిప్పినా పడుకోలేదు. అప్పుడు నోటికి అదే వచ్చింది. మాటల్లేవత్తయ్యా. రాగమే."

పొయ్యి మీద మాంసం పులుసు కుతకుతమంటోంది.

ఎలినెడ్ కత్తిని బల్ల మీద పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది.

"ఏ గొంతు?"

"అత్తయ్యా..."

"పైది ఇథెల్‌ది. కిందిది మీ మామయ్యది. నువ్వు నీ పిల్లకి పాడింది ఏ గొంతు?"

టెగ్వెన్ బిడ్డ తల మీద చెయ్యి వేసుకుంది. "నడిమిది."

నడిమి గొంతు గెథిన్‌ది.

ఎలినెడ్ మొహంలో కోపం కూడా ఖాళీ అయిపోయింది. ఆమె కోసిన రొట్టె ముక్కలన్నీ వరసగా పళ్ళెంలో సర్దింది, మీద గుడ్డ కప్పింది. అప్పుడు మాట్లాడింది.

"క్రిస్మస్ పొద్దున్న చర్చిలో మన బల్ల దగ్గరికి రాకు. హావోడ్ వాళ్ళకీ బల్ల ఉంది, అక్కడ కూర్చో. అట్నుంచి అటే వాళ్ళతో పో. నువ్వూ, నీ పిల్లా. మళ్ళీ ఈ గడప తొక్కొద్దు."

టెగ్వెన్ మొగుడి వైపు చూసింది. ఇథెల్ టోపీ తీసి పెట్టుకున్నాడు.

"గొర్రెలకి మేత వెయ్యాలి," అన్నాడు.

ఆమె అతని వెనకే మెట్ల దగ్గరిదాకా వెళ్ళింది. "ఒక్క మాట అనలేవా?"

"ఏమనను? నువ్వే పాడానన్నావు."

"నేను పాడినందుకే వాళ్ళకి పాటంతా వచ్చేసిందా? మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? పై గొంతు, కింది గొంతు ఎక్కణ్ణుంచి వచ్చాయి? అది అడగవేం?"

ఇథెల్ ఒక్క క్షణం ఆగాడు. ఆ ప్రశ్న అతనికీ తట్టినట్టే ఉంది. తట్టినా పక్కకు పెట్టేశాడు.

"పోయి అమ్మని అడుగు," అనేసి తలుపు తీసుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

*

ఊళ్ళో కబురు టెగ్వెన్ కంటే ముందే కొట్టు చేరింది.

ఆమె లోపలికి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. తలలకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరు ముసలమ్మలు డబ్బాల మీద రాతలు చదవడం మొదలుపెట్టారు. కొట్టు నడిపే సియానెడ్ గల్లా మీద మోచేతులు ఆన్చింది.

"ఏం కావాలి బ్రిన్‌డెరు కోడలమ్మా? టీ పొడా? సబ్బా? ఏదడిగినా ఇస్తా. మా ఇంటి పాట మాత్రం అడక్కు."

ముసలమ్మల్లో ఒకామె కిసుక్కుమంది. రెండో ఆమె నవ్వలేదు. "గెథిన్ బతికుంటే ఇలా జరిగేదా," అని ఎవరితోనూ కాకుండా గోడతో అంది.

"పిల్లకి చిగుళ్ళ మందు కావాలి," అంది టెగ్వెన్.

"పాపం, పిల్లకేం తెలుసు," అంటూ సియానెడ్ సీసా తీసి ఇచ్చింది. "మా అత్తగారైతే ఆ రోజే బయట పెట్టేది నన్ను. ఎలినెడ్ మంచిది కాబట్టి క్రిస్మస్ దాకా ఉంచింది."

టెగ్వెన్ బయటికి వచ్చేసరికి వాన వెలిసి మంచు దిగుతోంది. ఏటి మీది చెక్క వంతెన దగ్గర హావోడ్ బండి ఆగి ఉంది. తమ్ముడు యెస్టిన్ వెనకాల గడ్డి మోపులు సర్దుతున్నాడు. టెగ్వెన్ వంతెన ఎక్కగానే పలకలు ధనధనమని మోగాయి. ఆ వంతెన మీద నడిచేది మనిషా, గొర్రా అన్నది ఊరి మధ్యలో కూర్చున్నా తెలిసిపోతుంది.

"సంతోషంగా ఉందిరా?"

యెస్టిన్ తిరిగి చూశాడు. "ఏమక్కా, అప్పుడే గెంటేశారా? బండెక్కు. ఇంట్లో నీ గది ఖాళీగానే ఉంది."

"నోరు ముయ్యి. నేను పిల్లకి పాడుకున్న పాట దొంగచాటుగా విని నేర్చుకుని, పరాయి ఊరి చర్చిలో నా పరువు తీస్తారా?"

"నువ్వు పాడిందా?" యెస్టిన్ పగలబడి నవ్వాడు. బండిలో కుక్క కూడా లేచి మొరిగింది. "నువ్వు పాడింది వినలేక నాన్న లేచి కిటికీ మూసేశాడే! నువ్వు మూడు రోజులు మూలిగితే మేం పాటంతా నేర్చేసుకున్నామా? మేమేమైనా మంత్రగాళ్ళమా?"

"మరి ఎవరు నేర్పారు?"

నవ్వు ఆగింది. యెస్టిన్ మోపు మీది తాడు మళ్ళీ బిగించాడు. బిగించాల్సిన అవసరం లేదు.

"చెప్పనని మాటిచ్చాను."

"ఆ మాట కోసం నన్నూ నా పిల్లనీ రోడ్డు మీద నిలబెడతావా?"

"ఎవరు నిలబెట్టారు? మేమా? మీ అత్త! ఆమె మమ్మల్ని హంతకులని పిలుస్తోంది తెలుసా? చర్చిలో నాన్న పక్కనుంచి వెళ్తే పావడా ఎత్తి పట్టుకుంటోంది, పేడ మీదనుంచి నడుస్తున్నట్టు. గెథిన్ నాకు స్నేహితుడక్కా. ఆ ట్రాక్టర్ కిందనుంచి వాణ్ణి లాగింది నేను. నా చేతుల్తో." అతను మోపు మీద చెయ్యి చరిచాడు. "నాన్న అన్నాడు, ఎలాగూ హంతకులమన్నారు కదా, దొంగలం కూడా అవుదాం అని. అందుకే పాడాం. క్రిస్మస్ పొద్దున్న మన ఊరి చర్చిలోనూ పాడతాం. అందరికంటే ముందు లేచి పాడతాం. ఆ తరవాత మీ వాళ్ళు నోరు విప్పడానికి లేదు."

అది నిజమే. ఒకరు పాడిన పాట ఆ రోజు ఇంకొకరు పాడకూడదు. ముందు ఎవరు లేస్తే పాట వాళ్ళది.

"ఎవరు నేర్పారో చెప్పు యెస్టిన్."

అతను బండెక్కి తలుపు వేసుకున్నాడు. అద్దం దించి, ఆమెను కాక మంచును చూస్తూ అన్నాడు.

"బుధవారాలు మీ మామగారు గంట తాడు బాగుచేస్తానని చర్చికి వెళ్తాడు కదా. ఆ తాడు ఎప్పుడైనా చూశావా? అలాగే చివికి వేలాడుతోంది."

*

గొర్రెల కొట్టంలో కారాడోగ్ ఒక ముసలి గొర్రెను వెల్లకిలా ఒళ్ళో పడేసుకుని గిట్టలు చెక్కుతున్నాడు. కోడలు వచ్చినట్టు తెలిసినా కత్తెర ఆపలేదు.

"గంట తాడు బాగైందా మామయ్యా?"

కత్తెర ఆగింది. గొర్రె కాళ్ళు గాల్లో కొట్టుకున్నాయి.

"యెస్టిన్ చెప్పాడా?"

"చెప్పలేదు. చెప్పకుండా చెప్పాడు."

ముసలాయన గిట్టలోంచి మట్టి రాల్చాడు. "గెథిన్ పోయాక," అన్నాడు, "నాకు కింది గొంతొక్కటే మిగిలింది. ఇథెల్‌ని రమ్మంటే అమ్మ వద్దంది కదా అంటాడు. ఒక్కణ్ణే కొండ మీద పాడి చూశాను. ఒక్క కింది గొంతు పాట కాదమ్మా, మూలుగు. చనిపోయేలోగా మూడు గొంతులూ కలిసి ఒక్కసారి వినాలనిపించింది. యెస్టిన్ గొంతు అచ్చం గెథిన్ గొంతులాగే ఉంటుంది. నీకు తెలుసు కదా."

"తెలుసు."

"వాళ్ళ వంటింట్లో వినడానికే నేర్పాను. బయట పాడొద్దని ఇడ్వాల్‌తో చేతిలో చెయ్యి వేయించుకున్నాను."

"మా నాన్న చేతిలో చెయ్యి వేశాడా! మీరు నమ్మారా!"

"నమ్మాను."

"మరి ఆ రోజు వంటింట్లో అత్తయ్య నన్ను నిలబెట్టి కడిగేస్తుంటే మీ నోరేమైంది?"

"నేను నీ మీదికి నెట్టలేదు టెగ్వెన్."

"నెట్టలేదు. కూర్చున్నారు. పొయ్యి దగ్గర కూర్చుని బూటు తాడు విప్పుకున్నారు."

గొర్రె విదిలించుకుని లేచి గుంపులోకి పరిగెత్తింది. కారాడోగ్ గడ్డి మీదే ఉండిపోయాడు. ఎత్తైన మనిషి, కింద కూర్చుంటే చిన్నగా కనిపించాడు.

"ఎలినెడ్‌కి తెలిస్తే నాతో ఒక కప్పు కింద ఉండదు," అన్నాడు.

"నాకు ఏ కప్పూ లేకుండా పోతోంది. అది కనిపించడం లేదా మీకు?" బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. టెగ్వెన్ ఊపుతూనే అంది, "నేనిప్పుడే వెళ్ళి చెప్పేస్తాను."

"నీ మాట నమ్ముతుందా?"

నమ్మదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తప్పించుకోవడానికి మామగారి మీద వేసిందని ఇంకో నింద అదనంగా పడుతుంది.

"క్రిస్మస్ పొద్దున్న ఇడ్వాల్ కంటే ముందు నేను లేస్తాను," అన్నాడు కారాడోగ్. "ఇథెల్‌ని నేను లేపుతాను. నడిమి గొంతు..."

"నడిమి గొంతు ఎవరు?"

అతను ఆమె మొహం చూస్తూ ఉన్నాడు.

"వద్దు మామయ్యా."

"పాలు పితికేటప్పుడు నువ్వు నోట్లో నోట్లో అనుకునేది నేను గోడ అవతలనుంచి వింటూనే ఉన్నాను. మన వంటింటి పొగగొట్టం మీ గదిలోంచి పోతుంది. గెథిన్ దాని పక్కనే నిలబడి పాడేవాడు. అన్నేళ్ళూ నీకు వినపడింది ఆ గొంతొక్కటే. ఒక్క మలుపు కూడా తప్పు పోవు నువ్వు."

"నేను పాడితే అత్తయ్య నన్ను బతకనివ్వదు."

"పాడకపోయినా వెళ్ళగొడుతోందిగా."

ఆ మాటలో నవ్వు ఉందో లేదో కొట్టం చీకట్లో తెలియలేదు. టెగ్వెన్ సరేననలేదు. కాదని కూడా అనకుండానే తలుపు లాగేసి వచ్చేసింది.

*

మిగతా ఊళ్ళన్నీ ప్లగైన్‌ని సాయంత్రాలకు మార్చుకున్నాయి. వీళ్ళ ఊరు లానెర్వెన్‌లో మాత్రం ఇంకా పాత వేళే. క్రిస్మస్ రోజున తెల్లవారకముందే, చేతుల్లో లాంతర్లతో, కొండ వాలుల్లోంచి ఇళ్ళకు ఇళ్ళు దిగి వస్తాయి.

ఎలినెడ్ తొందరగా బయల్దేరి వెళ్ళిపోయింది. టెగ్వెన్ బిడ్డతో చర్చిలోకి అడుగు పెట్టేసరికి బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఇంటికో బల్ల, బల్లకో చిన్న తలుపు, తలుపుకో గడియ. కొవ్వొత్తుల వెలుతురులో తలలన్నీ ఆమె వైపు తిరిగి, మళ్ళీ ముందుకు తిరిగాయి.

బ్రిన్‌డెరు బల్ల దగ్గర ఆమె ఆగింది. లోపల ముందు కారాడోగ్, తరవాత ఇథెల్, తలుపు పక్కన ఎలినెడ్. ఒక మనిషి పట్టే ఖాళీ ఉంది. గడియ పడి ఉంది.

ఎలినెడ్ తల తిప్పలేదు. ఒక వేలు మాత్రం గడియ మీద పెట్టింది.

అవతలి వరసలో చిన్నగా కిర్రుమంది. హావోడ్ బల్ల తలుపు తెరుచుకుంది. టెగ్వెన్ తల్లి కర్ర మీద ఆనుకుని, కూతురి కోసం జరిగి కూర్చుంది. కళ్ళతో రమ్మంటోంది. ఇడ్వాల్ కళ్ళలో గెలిచిన సంతోషం ఉంది.

అక్కడ కూర్చుంటే కాళ్ళ నొప్పి పోతుంది. కూర్చుంటే ఊరు ఊరంతా చూస్తుండగా తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది.

టెగ్వెన్ కూర్చోలేదు. రెండు బల్లల మధ్య నడవలో, చల్లటి రాతి పలకల మీద, బిడ్డను కట్టుకుని నిలబడిపోయింది.

"కూర్చో అమ్మాయీ," అని ఎవరో గుసగుసలాడారు.

"ఎక్కడని?" అని ఇంకెవరో అన్నారు.

పాదిరిగారు ప్రార్థన ముగించి కళ్ళద్దాలు తీశారు. "ప్లగైన్ మొదలైంది," అని చెప్పి కూర్చున్నారు. ఇక అక్కడినుంచి ఎవరూ ఎవర్నీ పిలవరు. ఎవరి పేరూ చదవరు. ఎవరికి లేవాలనిపిస్తే వాళ్ళు లేచి, ముందుకెళ్ళి, పాడి, మాట లేకుండా తిరిగొచ్చి కూర్చుంటారు. ముందుకెళ్ళి పాడకుండా వెనక్కి వస్తే ఆ రోజుకి ఆ ఇంటి వంతు పోయినట్టే.

ఎవరో దగ్గారు. ఒక కొవ్వొత్తి చిటపటలాడింది.

ఇడ్వాల్ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి సగం లేచాడు.

"నాన్నా!" ఇథెల్ గొంతు వినపడింది. కారాడోగ్ అప్పటికే కొడుకు మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఎలినెడ్‌ని దాటుకుని వెళ్ళడం కుదరదు. ఆ వయసులో మనిషి బల్ల ముందు చెక్క మీదుగా కాలు వేసి నడవలోకి దిగాడు. ఇథెల్ తల్లి వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల్లి మాట లేకుండా ఒక పని చేశాడు. అతనూ చెక్క దాటాడు.

ఇడ్వాల్ మళ్ళీ కూర్చున్నాడు. హావోడ్ బల్ల కిర్రుమంది.

తండ్రీకొడుకులు ముందుకెళ్ళి నిలబడ్డారు. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టే చోటు వదిలారు. కారాడోగ్ కోటు జేబులోంచి శ్రుతి పట్టే ఉక్కు కడ్డీ తీశాడు. అది గెథిన్‌ది. ఎలినెడ్ దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది, ఇంట్లో ఎవరూ ముట్టకూడదని. కడ్డీని చూడగానే ఆమె వెన్ను నిటారైంది.

కారాడోగ్ టెగ్వెన్ వైపు చూశాడు.

ఆమె వీపు మీది ముడి విప్పింది. శాలువా జారి చేతిలోకి వచ్చింది. నిద్రలో ఉన్న మాబ్లీని రెండు చేతులతో ఎత్తి, గడియ పడిన తలుపు మీదుగా అత్తగారి ఒళ్ళోకి చాచింది.

"పట్టుకోండి అత్తయ్యా."

ఎలినెడ్ చేతులు కదల్లేదు. టెగ్వెన్ వదిలేసింది. నిజంగా వదిలేసింది. బిడ్డ జారబోయేసరికి ఆ చేతులు వాటంతటవే లేచి పట్టుకున్నాయి.

టెగ్వెన్ వెళ్ళి నడిమి చోట్లో నిలబడింది. బల్లల్లో గాలి పీల్చిన చప్పుడైంది. "ఆడపిల్ల!" అన్నారెవరో. "గెథిన్ చోట్లోనా?" అన్నారింకెవరో. సియానెడ్ నోరు తెరుచుకుని అలాగే ఉంది.

కారాడోగ్ కడ్డీని మోకాలికి కొట్టలేదు. ముందు నోరు విప్పాడు. ప్లగైన్‌లో పాట తప్ప మాట ఉండదు. పాదిరిగారు కూడా తలెత్తి చూశారు.

"హావోడ్ వాళ్ళకి మా పాట నేర్పింది నేను," అన్నాడు. "ఈ పిల్ల కాదు."

అంతే. ఇంకేమీ అనలేదు.

ఎలినెడ్ లేచింది. గడియ తీసిన చప్పుడు చర్చి అంతా వినపడింది. ఆమె మొగుడి వైపు చూడలేదు, కొడుకు వైపు చూడలేదు. టెగ్వెన్ వైపు ఒక్కసారి చూసింది. తప్పు పట్టాననో, పొరపడ్డాననో, చావమనో ఆ చూపులో ఏదీ లేదు. మాబ్లీని గుండెకి అదుముకుని, నడవ వెంట నడుచుకుంటూ తలుపు తీసుకుని బయటి చీకట్లోకి వెళ్ళిపోయింది.

చల్లగాలి లోపలికొచ్చి కొవ్వొత్తులన్నిటినీ ఒక పక్కకు వంచింది. బిడ్డ మేలుకుంది. ఏడుపు మొదలైంది.

శాలువా టెగ్వెన్ చేతిలోనే ఉంది.

"ఒంటి మీద ఏమీ లేదు దానికి," అంది పైకే. "జ్వరం. ఇథెల్, దానికి జ్వరం."

ఇథెల్ ఒక అడుగు వేశాడు. మళ్ళీ ఆగాడు. అవతలి వరసలో ఇడ్వాల్ చేతులు మళ్ళీ మోకాళ్ళ మీదికి వెళ్ళాయి. ఈ ముగ్గుర్లో ఒక్కరు కదిలినా వంతు పోతుంది, అతను లేస్తాడు, పాట అతనిదవుతుంది. ఆ తరవాత బ్రిన్‌డెరు గడప ముందు నిలబడి టెగ్వెన్ ఏమని అడగాలి? ఆ ఇంటికి ఆమె తెచ్చిచ్చేది ఈ నడిమి గొంతు తప్ప ఏముంది?

చర్చి గేటు బయట దారి రెండుగా చీలుతుంది. కుడికి తిరిగితే బ్రిన్‌డెరు. ఎడమకి తిరిగితే చెక్క వంతెన, వంతెన అవతల హావోడ్. పలకలు మోగితే ఎలినెడ్ మనవరాల్ని తీసుకెళ్ళి అవతలి గుమ్మంలో పెట్టేసిందన్నమాట. మోగకపోతే ఇంటికి తీసుకెళ్ళిందన్నమాట.

టెగ్వెన్ చెవులు రిక్కించింది. గేటు కీచుమంది. ఏడుపు గేటు దాటింది. ఎటు తిరిగిందో తెలియలేదు. ఇంకో నాలుగడుగులు వేస్తే తెలుస్తుంది. ఇంకొక్క క్షణం ఆగితే చాలు.

కారాడోగ్ కడ్డీని మోకాలికి కొట్టి పైకెత్తాడు. ఆ సన్నటి నాదం మొదలైంది. ఆ పాట ఎత్తుకోవాల్సింది నడిమి గొంతే. గెథిన్ ఎప్పుడూ ఆలస్యం చేసేవాడు కాదు.

టెగ్వెన్ శాలువాని పిడికిళ్ళలో బిగించి నోరు తెరిచింది. నడిమి గొంతు లేచింది. దాని కిందకి మామగారి గొంతు వచ్చి చేరింది, పైకి ఇథెల్ గొంతు ఎక్కింది. మూడూ కలిసి రాతి గోడల మధ్య నిండిపోయాయి.

ఇక బయటి చప్పుడు ఏదీ ఆమెకు వినపడలేదు.